ఊలు సంచీతో మద్రాసు ప్రయాణం

మా చిన్నప్పుడు... ఎండలకి కోళ్ళు కూడా నీడ వెతుక్కునే రోజుల్లో, చిట్టమూరు పక్కన మా ఊళ్ళో, మా అమ్మ అరుగు మీద కూర్చోని ఊలు స్వెట్టర్లు అల్లేది.

నవ్వొద్దు... సముద్రపు గాలికి ఒళ్ళంతా జిగటగా ఉండే మా వైపు స్వెట్టర్లు ఎవురికి అంటారా? పసిబిడ్డలకి. చెవుల్లో గాలి దూరకూడదని ఎండాకాలమైనా సరే టోపీ, స్వెట్టరు తొడగాల్సిందే. అందులోనూ మా అమ్మ చేతి టోపీ పెడితే బిడ్డకి జలుబు చెయ్యదని ఎవురు పుట్టించినారో గానీ, ఊరు ఊరంతా నమ్మింది. అది లేందే బిడ్డని ఉయ్యాల్లో వేసేవాళ్ళు కాదు.

అమ్మ హాస్టల్లో చదువుకునేప్పుడు టీచరమ్మ నేర్పిన విద్య అది. ఊలు ఊరోళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు, చాకిరీ మా అమ్మది. కుదరదు అనే మాట ఆమెకి రాదు. పాలు పితికి, నాయనకి చేలోకి సద్ది కట్టి, మమ్మల్ని బడికి తోలి, వడ్లు ఎండబోసి... అప్పుడు సూదులు పట్టేది. అల్లతానే కునుకు తీసేది. మేము పిలిస్తే "ఈ వరస అయిపోనీ" అనేది. ఆ వరస ఎప్పటికీ అయ్యేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కోతలయినాక, శని ఆదివారాలు మద్రాసు పోదామన్నాడు నాయన. అక్కడ మా చిన్నమ్మ ఉండేది. నాకు మద్రాసు మీద కంటే అమ్మ మీదే ఆశ... పొయ్యి లేదు, గేదె లేదు, రెండ్రోజులు అమ్మ నాకే దొరుకుతుంది గదా. వారం రోజులు అదే లెక్క వేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఎదురింటి వనజక్క ఊలు పట్టుకోని వచ్చింది. మనవడిని సోమవారం ఉయ్యాల్లో వేస్తారంట. బిడ్డ పుట్టి ఇన్నాళ్ళయింది, అప్పుడు గుర్తురాలేదా మహాతల్లికి? అమ్మ ఒకసారి నా మొహం చూసింది. చూసి కూడా ఊలు తీసుకునింది.

శనివారం పొద్దున నాయుడుపేటలో రైలెక్కిందగ్గర్నించీ ఇదే పని... తమ్ముడు వాంతి చేసుకుంటే తుడిచి, మళ్ళీ సూదులు. పులిహోర పొట్లాలు విప్పి అందరికీ పెట్టి, మళ్ళీ సూదులు. వంతెనొచ్చిందా, స్టేషనొచ్చిందా, ఏదీ తల ఎత్తి చూడలేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ మమ్మల్ని ఓ పెద్ద బట్టల కొట్టుకి తీసకపొయింది. కదిలే మెట్లు చూసి నేను వెనక్కి జరిగినాను. అమ్మ చెయ్యి పట్టుకుంటే ఎక్కేదాన్నే. ఆమేమో కింద స్టూలు మీద కూలబడి, వీపు భాగం కూడా ఇంకా కాలేదు, నాయనతో పో తల్లీ అనింది. నేను ఎక్కనే లేదు. తమ్ముడు మూడుసార్లు ఎక్కి దిగి నన్ను వెక్కిరించినాడు.

చిన్నమ్మ ఇంటికి రాగానే అమ్మ వంటింట్లోకి పొయింది, చెల్లెలికి సాయం చేద్దామని. నేను సంచీలోంచి స్వెట్టరు తీసినాను... సూది లాగేసి, దారం పట్టుకోని ఈడ్చినాను. పొద్దుట్నించీ అల్లిందంతా నాలుగు ఈడుపుల్లో ఊడొచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలీదు. భయమేసి మొత్తం సంచీలో కుక్కేసినాను.

ఆదివారం పొద్దున అందరం జూకి తయారైనాము. అమ్మ సంచీ తెరిచి, కాసేపు అట్టే చూసింది. కుట్లు జారిపొయినాయి, నేను రాలేను, మీరు పొండి అనింది. నాయనకి కోపం నెత్తికెక్కింది. ఊరోళ్ళ బిడ్డలకి చేసేదాంట్లో కాస్తన్నా మన బిడ్డలకి చెయ్యవా అని అరిచి, చిన్నమ్మ వాళ్ళతో సహా అందర్నీ బయలుదేరదీసినాడు.

జూలో పులిని చూసినానో పిల్లిని చూసినానో గుర్తులేదు. అమ్మ కావాలని నేను చేసిన పనికి ఉన్న అమ్మ కూడా పొయింది.

సాయంత్రానికి వీపు, ముందు భాగం అయిపొయినాయి. చేతులు, టోపీ తిరుగు రైల్లో అల్లింది. సోమవారం ఆ బిడ్డ టోపీ, స్వెట్టరుతో ఉయ్యాల్లో చెమటలు కక్కుతా ఒకటే ఏడుపు. అందరూ అమ్మ పనితనాన్ని మెచ్చుకున్నారు.

ముప్పై ఏళ్ళు ఆ సంగతి ఎవురికీ చెప్పలేదు. ఇప్పుడు నెల్లూరులో నాకూ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఎక్కడి పని అక్కడే... ఆదివారమొస్తే బాగుండు అనుకోవడం, ఆదివారం ఎందుకొచ్చిందిరా దేవుడా అనుకోవడం. అల్లిక పిచ్చి కూడా అంటుకుంది. ఉగాదికి మొదలుపెట్టిన శాలువ ఇంకా మోకాలి బారు దాటలేదు.

మొన్న అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు, కూరగాయలు తరుగుతా చెప్పేసినాను. ఏడుపొచ్చింది కూడా. అమ్మ తీరిగ్గా విని, చిక్కుడుకాయ ఈనె తీస్తానే అనింది...

"దారం ఎవురో ఈడ్చినారని ఆ మాత్రం తెలీదా నాకు? ఇంట్లో ఆ పని చేసేది నువ్వు తప్ప ఎవురున్నారు?"

మరెందుకు కొట్టలేదమ్మా అంటే, చిక్కుళ్ళు పక్కకి జరిపింది.

"ఆ పొద్దు మీరంతా పొయినాక, నీళ్ళడిగేవాళ్ళు లేరు, అన్నమడిగేవాళ్ళు లేరు. కాఫీ వేడిగా ఉండంగానే తాగినాను. పెళ్ళయినాక అదే మొదలు. ఫ్యాను కింద కూర్చోని నా పాటికి నేను అల్లుకున్నా. నువ్వు ఊడదీయకపోతే నేనూ పులిహోర మూట మోసుకోని జూ అంతా తిరగాల్సొచ్చేది గదే."

చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు...

అమ్మ నాకు దక్కలేదని ఇన్నేళ్ళూ ఏడ్చినాను. ఆమెకి ఆమే దక్కలేదని ఒక్కరోజన్నా అనుకోలేదు.

ఇప్పుడు పసిబిడ్డల టోపీలు ఫోన్లో నొక్కితే గడపలోకి వస్తున్నాయి. అమ్మని ఎవురూ అడగరు. తీరికకి తీరిక ఉంది... వేళ్ళే వంగవు.

మీ అమ్మకి అట్టాంటి పూట ఒకటన్నా దొరికిందా? తెలిస్తే ఇక్కడ రాయండి... తెలీకపోతే ఇప్పుడే పొయ్యి అడగండి. నేను ముప్పై ఏళ్ళు ఆలస్యం చేసినాను.