ఊరికే ఇచ్చిన సొరకాయలు

మిల్లులో సగం మందికి ఫ్లూ జ్వరం తగిలి గేటు మూసేసిన ఎండాకాలం అది. ఎవరూ ఎవరింటికీ పోకూడదని మిల్లు డాక్టరు చెప్పాడు. కోయంబత్తూరులో మా వీధి జనానికి అది శిక్షలా తోచింది, నాకు మాత్రం నచ్చింది. పొద్దున పెరట్లో పాదులకు నీళ్లు, తర్వాత కూర తరగడం, సాయంత్రం డైరీలో 'వాన లేదు' అని రాయడం. మనుషులు రాని ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

నాన్న ఆ మిల్లులోనే నూలు వడికే స్పిన్నింగులో పనిచేసేవాడు. జ్వరం దిగినా నోరు చేదెక్కి, అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. సొరకాయ, పెసరపప్పు మెత్తగా ఉడికించి అమ్మ చేసే కూటు ఒక్కటే ఆయన గొంతు దిగేది. సంత మూసేశారు కనుక మా పందిరి మీది కాయలే ఆయనకు తిండి.

మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, పక్కవీధిలో ఉండేవాడు. మిల్లు ఆఫీసులో గుమాస్తా. జేబులో రెండు పెన్నులు, ఒకటి రాయడానికి, ఇంకొకటి చూపించడానికి. గడప దాటితే తమిళమే. "వీధిలో తెలుగు మాట్లాడితే నాటుపురం, పల్లెటూరి బైతు అనుకుంటారు" అని నాకు బోధించేవాడు. ఆయన తమిళం ఎంత గొప్పదంటే, తమిళులు మర్యాదకు నవ్వాపుకొని వినేవాళ్లు.

ఒక పొద్దున సంచీతో వచ్చాడు. డాక్టరు మాట గుమాస్తాలకు వర్తించదు కాబోలు.

"అత్తా, కాయ ఎంతకిస్తావు?"

"నీకు వెల చెప్పేదా? రెండు ఊరికే కోసుకొని పో."

లేతవి ఏరి కోసుకున్నాడు. కాయలు ఎంతకని వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు అడిగితే గట్టిగా చెప్పాడు: "అత్తై ఊరుక్కే తర్రాంగ!"

డబ్బు లేకుండా ఇస్తున్నారని ఆయన ఉద్దేశం. మన 'ఊరికే'ను తమిళంలోకి ఈడ్చుకుపోయాడు. తమిళంలో దానికి 'ఊరందరికీ' అని అర్థం. నేను నీళ్ల బిందె దించేలోగా పెరడంతా జనం. ముక్కులకు గుడ్డలు కట్టుకొని మరీ వచ్చారు. జబ్బు భయం ముక్కు దగ్గరే ఆగింది, చేతులదాకా రాలేదు. పిందెలు కూడా వదల్లేదు. పోతూ పోతూ అమ్మను 'మగరాసి', అంటే మహాతల్లి, అని దీవించారు. దీవించేవాళ్లను ఎలా తరమాలో తెలియక అమ్మ నిలబడిపోయింది.

సందడి విని బావ మళ్లీ వచ్చాడు.

"ఏరా, ఏమి చెప్పినావు వాళ్లకు?"

తన నోట తెలుగు జారిందని ఒప్పుకుంటే పరువేమి కావాలి? "ఊరికి పెట్టమనే చెప్పినానత్తా. ఆపదలో అదే కదా ధర్మం?" అన్నాడు గంభీరంగా.

"మరి మీ మామ ఏమి తింటాడురా?"

"ఒక పూట గంజి తాగితే ఏమవుతుంది?"

నాన్న గంజి గిన్నెను పక్కకు తోసేశాడు. అమ్మ కొంగు బిగించి పక్కవీధికి నడిచింది, వెనకాలే నేను. బావ ఇంట్లో పొయ్యి మీద సొరకాయ కూటు ఉడుకుతోంది. అమ్మ గుడ్డతో గిన్నె దించి చేతికెత్తుకుంది.

"అత్తా, మేమింకా తినలేదు!"

"గంజి కాచుకోండి."

బావ గుమ్మందాకా వచ్చి ఆగిపోయాడు. వీధిలో జనం చూస్తున్నారు. ఏ భాషలో అరవాలో ఆయనకు తోచలేదు.

నాన్న రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"నువ్వు చేసింది కాదే. ఎవరింటిది?"

"మీ అక్క కొడుకుది."

"అదే అనుకున్నా. ఉప్పు వేయడానికి కూడా వాడికి మనసు రాదు," అని కంచం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం పెట్టు."