చెరిపినవాళ్ళు నిలబడాలి

లైబ్రేరియన్ గారు పోయారన్న కబురు నాకు మైలవరం బస్సు కండక్టరు చెప్పాడు. టికెట్ల సంచీ భుజాన వేసుకుని మా కొట్టు ముందు ఆగి, "శెట్టిగారూ, మన లైబ్రేరియన్ గారు పోయారండీ" అన్నాడు. నా నోటి వెంట ముందు వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎవరు చెప్పారు?" అన్నాను.

అతను కోపం తెచ్చుకోలేదు. ఆ ప్రశ్న నేను ఎక్కడ నేర్చుకున్నానో అతనికి తెలుసు. అతనూ అక్కడే నేర్చుకున్నాడు. "పోయారని వాళ్ళ చెల్లెలుగారు చెప్పారండీ, మైలవరం స్టాండులో. జ్వరమని మాత్రం పక్కింటాయన చెప్పాడు" అని, ఎవరి మాట వాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ నాకొక పీడ పట్టుకుంది. కోడలు "మావయ్యగారూ, పాలవాడు ఇవాళ రాడంట" అంటే "ఎవరు చెప్పారు?" అంటున్నాను. మా ఇంటావిడ మొన్న తల కొట్టుకుంది. "పోయినావిడ మీ నోట్లో దూరిందేంటండీ?" అంది. నేను నవ్వలేదు. నాకూ ఆ అనుమానమే ఉంది.

ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. మన బస్సు స్టాపు ఎదురుగా, ఊరివాళ్ళ కమిటీ నడిపే చిన్న లైబ్రరీ ఉంది కదా, దాని బయటి గోడ ఒకప్పుడు నల్లగా ఉండేది. దాని మీద సుద్దముక్కతో ఊరి సంగతులు రాసేవాళ్ళు. ఎవరైనా రాయొచ్చు. హనుమాన్ జంక్షన్లో లారీ బోల్తా పడితే కండక్టరు రాసేవాడు. కుళాయి నీళ్ళు ఏ వీధికి ఆగిపోయాయో టైలరు రాసేవాడు. ఆ గోడను లైబ్రేరియన్ గారు చూసుకునేవారు. ఆవిడ పైటకొంగు చివర ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడి వేసి ఉండేది. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు, గోడ ముట్టుకునే ముందు కూడా కడుక్కునేవారు.

నేను ఆ గోడ దగ్గరకు వెళ్ళేనాటికి కొట్టు పిల్లల చేతికిచ్చేసి ఖాళీగా ఉన్నాను. ఇళ్ళ మీద టీవీ యాంటెన్నాలు అప్పుడప్పుడే మొలుస్తున్న రోజులు. ఆ లైబ్రరీలో ఉన్నవీ లేనివీ అన్నీ చదివినవాణ్ణని నాకు గట్టి నమ్మకం. ఈ ఊళ్ళో సాహిత్యం తెలిసినవాడు నేనొక్కడినే అనుకునేవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా మారలేదు, ఇక్కడి కవులను చూస్తూ మారడం కష్టం.

ఒక గాలివాన మర్నాడు వెళ్ళి సగం గోడ నింపాను. ప్రకృతి కన్నెర్ర చేసిందని, రైతన్న గుండె పగిలిందని, మామిడితల్లి కన్నీరు కార్చిందని. కింద నా పేరు, పేరుకి ముందు ఒక బిరుదు. సాయంత్రం ఎంతమంది మెచ్చుకుంటున్నారో చూద్దామని వెళ్ళాను. గోడ మీద నేను రాసినదాంట్లో ఒక్క వాక్యం మిగిలి ఉంది. "ముసునూరు దారిలో కాయ రాలింది." పక్కన లైబ్రేరియన్ గారు తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీ వాక్యాలు చెరిపానండీ శెట్టిగారూ. మీరొస్తారని నిలబడ్డాను."

"ఎందుకు చెరిపినట్టో?"

"ప్రకృతి కన్నెర్ర చెయ్యడం మీరు చూశారా అండీ?"

"అది కవిత్వమమ్మా. చదువుకున్నవాళ్ళకి తెలుస్తుంది."

"గుండె పగిలిందన్నారు. ఎవరిదండీ?"

"రైతుది!"

"ఏ రైతు? ఆయన మీతో చెప్పారా?"

అక్కడే ఉన్న కండక్టరు ఊరుకున్నాడా! "గుండె పగిలితే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి గానండీ, గోడ మీద రాస్తే ఏం లాభం?" అన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. వచ్చే బస్సు ఏ ఊరిదైనా సరే ఎక్కి పారిపోదామనిపించింది.

నా కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నదైన మనిషి నలుగురిలో అలా అడిగిందని చాలా రోజులు అటు వెళ్ళలేదు. ఆవిడ మీద ఇంట్లో అనరాని మాటలన్నాను. కానీ ఒక సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చెరిపినావిడ ఎండ తగ్గని వేళ నా కోసం నిలబడింది. నా రాతలు అంతకుముందు తిరగ్గొట్టిన పత్రికలవాళ్ళు ఎవరూ నాకోసం నిలబడలేదు. తపాలా బిళ్ళ పెట్టి పంపినా జవాబు రాయలేదు.

మళ్ళీ వెళ్ళాను. ఆ గోడకి నియమాలున్నాయని అప్పటికి అర్థమైంది గానీ, అవి ఎక్కడా రాసి లేవు. తప్పు చేసినప్పుడే ఒక్కొక్కటీ తెలిసేది. రాసేవాడు చూసింది రాయాలి. చూడకపోతే ఎవరు చెప్పారో రాయాలి. ఎవరి వాక్యాన్నైనా ఎవరైనా చెరపొచ్చు. కానీ చెరిపినవాళ్ళు, ఆ రాసినవాళ్ళు వచ్చేదాకా నిలబడి, ముఖం మీద కారణం చెప్పాలి. అంత ఓపిక లేనివాళ్ళు చెరపకూడదు. కింద పేరు పెట్టకూడదు. ఎందుకని అడిగితే, "పేరు కనపడితే వార్త చదవరండీ, మనిషి గురించి మాట్లాడుకుంటారు" అన్నారు. నా బిరుదు గురించి మాత్రం ఏమీ అనలేదు. అదే ఎక్కువ నొప్పి.

ఈ నియమాల విలువ నాకు పూత రోజుల్లో తెలిసింది. మన దగ్గర తోట కాయ మీద కాదు, పూత మీదే అమ్ముడుపోతుంది. పూత చూసి వర్తకుడు బేరం ఖాయం చేస్తాడు, ఆ తర్వాత గాలొచ్చినా పురుగొచ్చినా అతని ఖర్మ. అందుకని ఆ రోజుల్లో పూత గురించి పుకారు పుట్టిందంటే చాలు, తోట ధర పడిపోతుంది. ఒక ఏడు మా బావమరిది, అతనూ మామిడి వర్తకుడే, ముసునూరు వైపు పూత మాడిపోయిందని ఊరంతా అంటున్నాడు. గోడ మీద రాయించమని నన్ను పోరు పెట్టాడు. నేను రాయలేదు. అతనే వెళ్ళి లైబ్రేరియన్ గారికి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని ఇలా రాశారు. "ముసునూరు వైపు పూత మాడిందని ఒక వర్తకుడు చెప్పారు. మాడలేదని అక్కడి రైతులు చెప్పారు." రెండు వాక్యాలూ ఒకే సైజు అక్షరాల్లో.

మా బావమరిది ఎగిరిపడ్డాడు. "వర్తకుడు అని రాస్తే నేనేనని తెలిసిపోదా?"

"తెలిస్తే ఏమైందండీ? చెప్పింది మీరే కదా."

"పూత మాడింది అని ఊరికే రాయొచ్చుగా!"

"అలా రాస్తే గోడ చెప్పినట్టవుతుందండీ. గోడ తోటకి వెళ్ళలేదు కదా."

ఆ ఏడు అటు రైతులు తోటలు తొందరపడి ఇచ్చేయలేదు. మా బావమరిది నాతో మాట్లాడడం మానేశాడు. ఇన్నేళ్ళలో అతను నాకు చేసిన మేలు అదొక్కటే.

ఇక అసలు సంగతికి వస్తాను.

లైబ్రరీ గది ఒక పెద్ద ఆసామిది. అద్దె లేకుండా ఇచ్చాడు. మండలాలు వచ్చిన కొత్తల్లో ఆ ఆసామి పోయాడు. పోయినవాళ్ళ గురించి గోడ మీద పొగడ్త రాయకపోవడం కూడా నియమమే. ఏం చేసేవారో రాయాలి, అంతే. లైబ్రేరియన్ గారు స్వయంగా రాశారు. నాకు ప్రతి మాటా గుర్తుంది. "ఆసామిగారు నిన్న పోయారు. ఈ గది ఆయన ఇచ్చారు. సాయంత్రాలు వచ్చి ఈ గోడ చదివేవారు. కళ్ళజోడు మరిచిపోయిన రోజున పక్కవాళ్ళ చేత చదివించుకునేవారు."

ఎన్నో సంతాపాలు చదివాను. ఒక మనిషి పోయినట్టు నాకు నిజంగా అనిపించింది అది చదివినప్పుడే.

ఆసామి పెద్దబ్బాయి కారు దిగి వచ్చాడు. తండ్రి పోయిన మనిషి, నిద్ర లేని కళ్ళు. అది కూడా నేను చూశాను, కనుక రాస్తున్నాను. "మా నాన్న గురించి రాయడానికి ఇదే దొరికిందా? కళ్ళజోడా? దానకర్ణుడు అని రాయమ్మా" అన్నాడు.

లైబ్రేరియన్ గారు కొంగు ముడి విప్పి సుద్దముక్క తీశారు. "తప్పకుండా రాస్తానండీ. 'దానకర్ణుడని పెద్దబ్బాయిగారు చెప్పారు' అని రాస్తాను."

ఆవిడ వెటకారం చెయ్యలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. తన దగ్గరున్న మర్యాదంతా ఆయనకిచ్చారు. గోడ మీద చోటిచ్చి, ఆ మాట ఆయనదేనని రాస్తానన్నారు. మా బావమరిదికి కూడా అంతే ఇచ్చారు. కానీ బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ఆయన ముఖం నల్లబడింది. కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గోడ తెల్లగా ఉంది. ఇంకా తడి ఆరని సున్నం. ఆ పక్కన లైబ్రేరియన్ గారు నిలబడి ఉన్నారు. రాయడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "చెరిపారండీ" అని చెబుతున్నారు. ఎవరని అడిగితే, "నేను చూడలేదండీ, నేనొచ్చేసరికే ఇలా ఉంది" అంటున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరో ఊరంతటికీ తెలుసు. నువ్వు చూడలేదంటావేంటమ్మా!" అని అరిచాను. కోపంలో మర్యాద తప్పింది.

"మీరు చూశారా అండీ?"

నేను చూడలేదు.

"చెరిపినవాళ్ళు వస్తారేమోనండీ," అన్నారు ఆవిడ, "కారణం చెప్పడానికి." పొద్దుగుంకేదాకా అక్కడే నిలబడ్డారు. ఎవరూ రాలేదు. కమిటీవాళ్ళు మళ్ళీ నల్లరంగు వేయించలేదు. ధైర్యం లేక అని నేను రాయకూడదు. వేయించలేదు, అంతవరకే రాస్తాను. కొన్నాళ్ళకి ఆవిడ ఉద్యోగం మానేసి మైలవరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు.

మొన్న కల్యాణ మండపంలో సంతాప సభ పెట్టారు. ఆవిణ్ణి అక్షర తపస్విని అన్నారు, జ్ఞానజ్యోతి అన్నారు. ఆ పొగిడినవాళ్ళలో గోడ తెల్లబడిన రోజున ఆవిడ పక్కన నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఆసామి పెద్దబ్బాయి అధ్యక్షుడు. ఆవిడ ఫోటోకి ఆయనే దండ వేశారు. ఇది నేను చూశాను.

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు నాకున్న ఉద్దేశం ఒక్కటే. సున్నం వేయించింది ఎవరో అచ్చులో పేరు పెట్టి చెప్పడం. ఇన్నేళ్ళు దాచుకున్న మాట అది. చాలాసార్లు రాశాను కూడా. రాసిన ప్రతిసారీ, పట్టపగలు, కిటికీలోంచి ఎండ కాగితం మీద పడుతుండగా, నా భుజం వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఇటు తిరిగి చూస్తే ఆ వాక్యం చదవబుద్ధయ్యేది కాదు. నేను చూడలేదు. చూశామన్నవాళ్ళు పేరు రాయొద్దన్నారు. నా కసి ఎంతటిదో చదివేవారికి తెలియదు. అయినా ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేసింది నేనే కనుక కారణం చెప్పడానికి ఇక్కడ నిలబడ్డాను.

సభ జరిగిన సాయంత్రం వాన పడింది. బయటికొచ్చి బస్సు స్టాపు దాకా వస్తే లైబ్రరీ గోడ తడిసి ఉంది. గోడ తెల్లబడ్డాక వానలో నేనెప్పుడూ అటు వెళ్ళలేదు. ఆ సున్నం ఒక్క పూతే. తడిసేసరికి అడుగున ఉన్న నలుపంతా పైకి వచ్చింది. నాలుగు మూలలూ తేలి, గోడ మునుపటిలా నల్లగా నిలబడింది. నా గుండె ఝల్లుమంది. ఈ గుండె ఎవరిదని అడిగితే నాదేనని చెబుతాను. పక్క కొట్లో సుద్దముక్క కొనుక్కొచ్చి రాయబోయాను. తడిగోడకి సుద్ద అంటుకోలేదు, జారిపోయింది.

మర్నాడు ఎండ వచ్చాక వెళ్ళాను. గోడ ఆరిపోయి మళ్ళీ తెల్లగా ఉంది. ఆ తెలుపు మీదే రాశాను. "లైబ్రేరియన్ గారు మైలవరంలో పోయారు. వాళ్ళ చెల్లెలు చెప్పారని కండక్టరు చెప్పాడు. ఈ గోడ దగ్గర ఆవిడ నిలబడడం నేను చూశాను." రాసి, వెనక్కి జరిగి చూస్తే ఒక్క అక్షరమూ కనపడలేదు. చెరపడానికి ఎవరైనా వస్తారేమోనని కాసేపు అక్కడే ఉన్నాను.

ఎండ ఎక్కువైంది. నీలం చొక్కా వేసుకున్న ఒకాయన, నేనెరగని మనిషి, నీడ కోసం నేను రాసిన చోటే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జంక్షన్ బస్సు వచ్చింది. ఆయన ఎక్కుతుంటే వీపు మీద, భుజాల నడుమ, తెల్లగా అంటుకుని ఉంది. సున్నమో సుద్దో నేను చెప్పలేను. తోటల మధ్య మలుపు తిరిగేదాకా ఆ తెలుపు కిటికీలో కనపడుతూనే ఉంది.