పొదుగు మీద నా గోళ్లు

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దామె పేరు నేను అడగలేదు. మాటల మధ్య, పాల కోసం కొన్న పొట్టిమేక సంగతి చెప్పాను. పొదుగు ముట్టుకుంటే చాలు తన్నేదని, వెనక కాళ్లు కట్టేసినా గిన్నె బోర్లించేదని చెప్పి, "ఒట్టి పొగరుబోతుది పెద్దమ్మా" అన్నాను.

ఆమె తన బొటనవేలు నా ముందుకు చాచింది. "ఇది మేక చన్ననుకో. ఎట్టా పితుకుతావో చూపించమ్మాయ్."

నేను గట్టిగా పట్టుకుని కిందికి లాగాను. ఆమె మొహం చిట్లించింది కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ వేలి మీద నా గోళ్లు దిగిన గాట్లు ఎర్రగా కనిపించాయి.

"లాగకూడదే తల్లీ. పైన బిగించి, ఒక్కో వేలే కిందికి మూసుకుంటా రావాల. ముందు ఆ గోళ్లు తీసెయ్. నొప్పెట్టి తన్నింది గానీ దానికి పొగరేంది? రేప్పొద్దున చూడు, కదలకుండా నిలబడుద్ది."

"అట్టాగే పెద్దమ్మా" అన్నాను.

నకరికల్లులో దిగబోతూ కూడా, "మెడ నిమిరి కూచో, జడుసుకోదు" అని చెప్పింది. నేను తల ఊపాను. మేకను అంతకు ముందు ఆదివారమే మటన్ కొట్టుకు అమ్మేశానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం దొడ్లో, అది లేని గుంజ పక్కన కూర్చుని, పదివేళ్ల గోళ్లూ తీసేసుకున్నాను.