బూటు గుర్తు ఎమ్మెల్యే సొంతూరు

హైడెల్‌బర్గ్‌లో మా పక్కింటి రిటైర్డు టీచరు, లాక్‌డౌన్‌లో మెట్ల మీద దూరంగా నిలబడి కబుర్లు చెప్పేవాడు. నోయ్‌స్టాట్ దాటాక ద్రాక్షతోటల్లో ఓ చిన్న ఊరుందనీ, అక్కడి చెప్పులు కుట్టే మనిషి ఒకడు ఓడెక్కి పెన్సిల్వేనియా వెళ్ళి, ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న అక్కడి అసెంబ్లీకి సభ్యుడయ్యాడనీ ఆయనే చెప్పాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ మనిషి పేరు 'ఎమ్మెల్యే'. 2021 సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఆయన రవి, మూడో తరగతి చదివే మా అమ్మాయి మేఘన, నేను ఆ ఊరికి బయల్దేరాం.

అసలు నాకు ఇల్లు వదిలి ఎటైనా పోవాలనిపించింది. వచ్చే గురువారం మేఘన క్లాసు ఎల్టర్నాబెంట్, అంటే తల్లిదండ్రుల మీటింగ్; ప్రతినిధుల్ని ఎన్నుకునేదీ అక్కడే. బడి నుంచి వచ్చే కోవిడ్ ఉత్తరాలు అర్థంకాక తిప్పలు పడే విదేశీ తల్లులు, వాళ్ళ తరఫు ప్రతినిధిగా నన్ను నిలబడమన్నారు. నా జర్మన్‌లో, ప్రతి పేరు ముందూ దాని లింగాన్ని బట్టి పెట్టాల్సిన డేర్, డీ, డాస్ ఎప్పుడూ తారుమారే. నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకని, వద్దని చెప్పేద్దామనుకున్నాను.

పొద్దున తొమ్మిదింటికి ఎస్-బాన్ ఎక్కితే సుమారు గంటలో నోయ్‌స్టాట్. ముగ్గురికీ కలిపి డే టికెట్ ముప్పై యూరోల లోపే. రైల్లో ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు తప్పనిసరి. స్టేషన్ బయట ఊరి బస్సు ఇదేనా అని డ్రైవర్‌ని అడిగాను. ఆయన తలూపేలోపే మేఘన అందుకుంది.

"మమ్మీ, డీ బుస్ కాదు, డేర్ బుస్."

డ్రైవర్ కళ్ళు నవ్వాయి. నాకు ఒళ్ళు మండింది. విన్నావా, ఇదీ నా పరిస్థితి అన్నట్టు రవి వైపు చూశాను.

ఎమ్మెల్యే సొంతూరంటే మన లెక్కలో మొదట్లో ఆర్చీ, కూడలిలో వేలు చూపించే విగ్రహం ఉండాలి కదా! ఊరంతా తిరిగినా ఏమీ లేదు. చివరికి ఒక వైన్ అమ్మే ఇంటి రాతి గుమ్మం మీద చెక్కిన బూటు కనబడింది. "గుర్తు కూడా ఉందే, ఇక నామినేషన్ వెయ్యటమే తరవాయి," అన్నాడు రవి నన్ను ఉడికిస్తూ.

పెరట్లో బల్లల దగ్గర, మాస్కు పెట్టుకున్న పెద్దావిడ వచ్చి గబగబా ఏదో అడిగింది. నాకు 'వాయి' అన్న ముక్క ఒక్కటే వినబడింది. నాకు తెలిసిన వాయి గారెల వాయే. మేఘన వైపు చూశాను. అది బిక్కమొహం వేసింది.

"మమ్మీ, దిస్ ఈజ్ నాట్ జర్మన్."

నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అర్థంకాకపోవడం నాకు రోజూ ఉన్నదే. ఇంకోసారి చెప్పమన్నాను, చేతులతో చూపించమన్నాను. వాయి అంటే వైన్, అక్కడి యాస. కొత్త వైన్, ఉల్లిపాయ కేకు ఉన్నాయట. పదిహేను యూరోల్లో ముగ్గురి కడుపులూ నిండాయి.

చెప్పులు కుట్టే ఆయన ఇల్లు ఇదేనా అని అడిగితే ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చుని నిదానంగా చెప్పింది. తాతల నాటి నుంచి వస్తున్న కథేనట, నిజమెంతో ఆవిడకూ తెలీదు. ఆయన ఇంగ్లీషులోనూ ఈ యాసే ఉండేదట. సభలో లేస్తే చాలు, మిగతా సభ్యులు నవ్వేవారట.

"మరి మానేశాడా?" అని అడిగాను.

"ఎందుకు మానేస్తాడు? ఓటేసినవాళ్ళకు అర్థమైంది కదా. మళ్ళీ ఆయన్నే పంపారు."

తిరుగు బస్సులో మేఘన నా భుజం మీద నిద్రపోయింది. రవి వైపు తిరిగి నేనే అన్నాను, "నిలబడత తీ. నవ్వెటోళ్ళు నవ్వనీ."

ఆ ఊళ్ళో గొప్పగా చూసేదేమీ లేదు, అయినా తృప్తిగా తిరిగొచ్చాను. నన్నడిగిన తల్లులకు నా జర్మన్ ఎప్పుడూ అర్థమవుతూనే ఉంది, లేకపోతే నన్నెందుకు అడుగుతారు? ఆ సంగతి నాకే తట్టలేదు. గురువారం లేచి నిలబడి మాట్లాడాను. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఓట్లు మాత్రం పడ్డాయి. ఇంట్లో ఇప్పుడు కాఫీ కావాలన్నా "ఎమ్మెల్యే గారూ" అనే పిలుపు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఆ ఉల్లిపాయ కేకులో సాధారణంగా పంది మాంసం ముక్కలు వేస్తారు. తిననివాళ్ళు ముందే "ఓనే ష్పెక్" అని చెప్పండి. డేర్, డీ, డాస్ ఏవీ అక్కర్లేదు, వాళ్ళకు అర్థమవుతుంది.