ఎర్ర రంగు బోరు, తడిబట్టల కింద బిందె

పిల్లలూ, పదిహేనేళ్లకు పైగా ఒక మాటను గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. నా కూతురికి, అదే మీ అమ్మకు కూడా తెలియదు. మొన్న మీలో చిన్నది ఫోన్‌లో అడిగింది, బొగ్గు గనుల కంపెనీ మా ఊరికి చేసిన మంచి గురించి కాలేజీలో రాయాలి, చెప్పమని. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది.

కంపెనీ మంచి చేయలేదని అనను. మా బోరు నీళ్లు తాగితే ఎముకలు వంగుతాయని పంపుకి ఎర్ర రంగు పూసి పోయారు సర్కారోళ్లు. అప్పట్లో వాగు ఇసుకలో గుంట తోడి, ఊరిన చెలిమ నీళ్లు తెచ్చుకునేవాళ్లం. కంపెనీ ఆ బోరుకే నీళ్లు శుభ్రం చేసే మిషన్ పెట్టి, తాళంచెవి మా మహిళా సంఘానికిచ్చింది. సంఘం పెద్దను నేనే. ఇక ఎవరూ చెలిమకు పోవద్దని డప్పు కొట్టించిందీ నేనే.

ఏడాది తిరక్కుండానే ఇల్లందు నుంచి మెకానిక్ వచ్చి చూశాడు. లోపలి ఫిల్టర్ పోయిందని, వచ్చేవి ఉత్త బోరు నీళ్లేనని, ఆపేయమని చెప్పాడు. కంపెనీకి నేనే చెబుతానని అతన్ని పంపేశాను. ఆ వారమే కంపెనీ పెద్దలు ఫొటోలకు వస్తున్నారు. మిషన్ ఆగిందంటే మాకిస్తామన్న బడి గదులు పక్క ఊరికి పోతాయని భయపడ్డాను. నిజంగా బడి గదుల కోసమేనా? నా మెడలో పడే దండ కోసం కాదా? వాళ్లు వెళ్లాక చెబుదామనుకున్నాను. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏమనాలో తెలియక చెప్పలేదు. ఫొటోలు తీసుకున్నాక వాళ్లూ మళ్లీ మిషన్ తెరిచి చూడలేదు.

పక్కింటి సారమ్మ ఒకరోజు బిందె దించి అడిగింది.

"వదినె, నీళ్లు ఉప్పగ తగుల్తున్నయ్. మంచియేనా?"

"మిషన్ నీళ్లు గట్లనే ఉంటయ్. నీ నాలుకనే మంచిగ లేదు."

"అయితే నా నాలుకకు గూడ ఓ మిషన్ పెట్టియ్యమను మీ కంపెనీని."

నవ్వుకుంటూ పోయింది.

మీరిద్దరూ అప్పుడు నా దగ్గరే పెరుగుతున్నారు. బట్టలుతికే వంకతో వాగుకు వెళ్లి, గంపలో తడిబట్టల కింద బిందె దాచి, చెలిమ నీళ్లు తెచ్చేదాన్ని. మీకు అవే పోశాను. సారమ్మ కూతురు మన చిన్నదాని ఈడుదే. అది బోరు నీళ్లు తాగింది. ఒక్క బిందె ఆ గడపలో పెట్టలేకపోయానా? పెడితే, మిషన్ ఉండగా ఇవెందుకని సారమ్మ అడుగుతుంది.

ఆ పిల్ల మోకాళ్లు వంగిపోయాయి. ఖమ్మం దవాఖానాలో ఏం నీళ్లు తాగుతారని అడిగితే, మిషన్ నీళ్లేనని సారమ్మ గర్వంగా చెప్పిందట. వచ్చి నా చేతులు పట్టుకుని, "ఆ మిషన్ గూడ లేకుంటే నా బిడ్డ ఇంకెట్లయ్యేదో వదినె" అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. మిషన్ గదిలో మేకలు పడుకుంటున్నాయి. కంపెనీ పుస్తకంలో మాత్రం దండ వేసుకున్న నా ఫొటో ఉంది. చిన్నదానా, కాలేజీకి ఆ ఫొటోనే ఇవ్వు. కింద ఇదంతా రాయి.

సారమ్మకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పినందుకే గుండె తేలికైంది, అలా తేలికైనందుకు సిగ్గుగా ఉంది. ఇది రాస్తుంటే ఆమె కూతురు కర్ర పట్టుకుని మా వాకిలి ముందు ఆగింది.

"అత్తా, తిన్నవా?"

తిన్నానన్నాను.