పెంటికలు చూసే ఇన్నమ్మ

జింకల పార్కులో అడుగుపెట్టగానే ఇన్నమ్మ జింకల వంక చూడదు, నేల వంక చూస్తుంది. చీపురు చంకన పెట్టుకుని వంగి, పుల్లతో పెంటికలను కదిలిస్తుంది. అవి నల్లగా, విడివిడిగా ఉంటే తృప్తిగా తలూపి ఊడ్చేస్తుంది. ముద్దగా ఉంటే ఆ జింక ఏదో కనిపెట్టేదాకా ఆమెకు టీ కూడా సహించదు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని.

మొన్న వానాకాలంలో మూడు జింకలు మేత మేస్తూనే చిక్కిపోయాయి. ఎవరూ చెప్పకముందే ఇన్నమ్మ వాటి పెంటికలను డబ్బాలో పట్టి పశువుల డాక్టరు మధులతకు ఇచ్చింది. పరీక్షలో పురుగుల గుడ్లు కనిపించాయి. "ఇవి మనుషులకు కూడా అంటుకోవచ్చు. మీరంతా పరీక్ష చేయించుకోండి" అంది డాక్టరు. తోటి పనివాళ్లు ఐదుగురూ సిగ్గుతో నవ్వేసి ఊరుకున్నారు. ఇన్నమ్మ ఒక్కతే బూర్గంపాడు దవాఖానాకు వెళ్లింది. రిపోర్టు రాగానే, అన్నాలు తినే వేళ అందరి ముందూ చెప్పేసింది.

"నా కడుపుల పురుగులున్నయంట. మందులిచ్చిన్రు. సిగ్గుపడితే అవి పోతయా? మీ ఇండ్లల్ల చిన్న పిల్లలున్నరు గద!"

మర్నాడు పార్కు గేటు దగ్గర ఐదుగురూ దవాఖానాకు వెళ్లడానికి ఆమె పిలిచిన ఆటో ఎక్కారు.