చుక్క లోపలి దూరం

నా చిన్నప్పుడు, ఒకే ఒక్క పూట, ఢిల్లీ జానెడు దూరంలో ఉందని నమ్మాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. బడి మూసేశారు. వీధిలో పిల్లలు నాతో ఆడడం మానేశారు. అమ్మ తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉండేది. నాన్న ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లి నెల దాటింది. ఆ నెలంతా నేను గోడలతోనే మాట్లాడుకున్నాను.

రైళ్లు ఎక్కడ ఆగిపోతాయో తెలియదని ఆఫీసువాళ్లే నాన్నకు విమానం టికెట్ కొనిచ్చారు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే నా అట్లాసు పట్టుకుని పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను. వాళ్లది తెలంగాణ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అక్క దవాఖానలో నర్సు. డ్యూటీకి పోబోతూ కూడా ఆగి, ఢిల్లీ చుక్క నుంచి హైదరాబాదు చుక్క దాకా దారం పరిచి చూపించింది. జానెడు కూడా లేదు. విమానానికి రెండు గంటలు చాలంది.

పదింటికి బయలుదేరే విమానం. నా లెక్కలో నాన్న పన్నెండుకల్లా గుమ్మంలో ఉండాలి. దారం వేలికి చుట్టుకుని గడప మీద కూర్చున్నాను. పన్నెండు దాటింది, రెండయింది, నాలుగయింది. నాన్న ఇక రాడని నాకు నేనే తీర్మానించుకున్నాను. అంత ఒంటరిగా మళ్లీ ఎన్నడూ లేను.

అయిదింటికి అక్క వచ్చింది. "అబద్ధం చెప్పావు, పో!" అని దారం ఆమె మీదికి విసిరేశాను.

అక్క కోప్పడలేదు. చెప్పులు విప్పి నా పక్కనే కూర్చుంది. "తప్పు నాదే బిడ్డా. విమానం సంగతి చెప్పిన గని, పొద్దుగాల్నుంచి బంద్ అయితదని ఎర్కలే. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. నేను గూడ నడిచే ఒచ్చిన." అట్లాసు తెరిచి హైదరాబాదు మీద వేలు పెట్టింది. "విమానం దిగే బేగంపేట గీ చుక్కలనే, మనిల్లు గీ చుక్కలనే. మీ నాయిన గిండ్లనే నడుస్తున్నడు. గీ లోపట కొలవనీకి దారం సరిపోదు."

ఎదురింటి పెద్దాయన కిటికీలోంచి కేకేశాడు. "ఆంధ్రోళ్ల గడప మీద నీకేం పని?"

"పిల్ల ఏడుస్తుంది, కనబడ్తలేదా?" అంది అక్క. కదల్లేదు. చీకటి పడుతుండగా, భుజాన పెట్టెతో, బూట్లు చేత్తో పట్టుకుని నాన్న వీధి మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది.

ఇప్పుడు ఇంటికి ఎవరైనా విమానంలో వస్తున్నానని చెబితే, ఆ రెండు గంటల సంగతి నేను అడగను. దిగాక ఎలా వస్తావు, తోడెవరున్నారు అని అడుగుతాను. పిల్లలు నా చాదస్తం చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ నెలంతా మా గడప దాకా వచ్చిన పొరుగు మనిషి అక్క ఒక్కతే. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య పది అడుగులు కూడా లేవు.